అశోక్‌నగర్‌లో హిట్టయిన ఆల్బమ్

చిక్కడపల్లి కృష్ణచైతన్య బేస్ గిటార్ వాయిస్తాడు. అంటే పాట కింద డుమ్ డుమ్‌మని నడిచే, బ్యాండులో ఎవరూ పట్టించుకోని లావు తీగల గిటారన్నమాట. ఆ కసితోనే ఉద్యోగం మానేసి సొంతంగా ఆల్బమ్ చేశాడు. ఫంక్ దరువు, దాని వెనక నారాయణగూడ ఫ్లైఓవర్ కింది రొద, రేకుల మీద వాన. మాట మాత్రం ఒక్కటీ లేదు.

తండ్రి వెంకటరామయ్యగారు వినడానికి బుద్ధిగా సోఫాలో కూర్చుని, "పాట మొదలయ్యాక లేపరా" అని కునుకు తీశారు. స్నేహితులు లింకు తెరవకుండానే అదిరిందన్నారు. కృష్ణచైతన్యకు ఒళ్లు మండింది. ఒక్క మనిషి మనసు పెట్టి వింటే సరే, లేదంటే గిటారు అమ్మేసి మళ్లీ ఆఫీసుకు పోవడమేనని తీర్మానించుకున్నాడు.

అంతలో వినేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. ఆరా తీస్తే అంతా అశోక్‌నగరే. పరుగున వెళ్లాడు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లతో కిక్కిరిసిన రీడింగ్ రూములో ఏ ఫోను చూసినా తన ఆల్బమ్ బొమ్మే. కళ్లు చెమర్చాయి. గుమ్మం పక్కన చదువుకుంటున్న మహబూబ్‌నగర్ శ్రీనుకు, ఇది చేసింది నేనేనని చెప్పుకున్నాడు.

శ్రీను గౌరవంగా లేచి నిలబడ్డాడు. "మస్తుంటది అన్న. పక్కోని దగ్గు ఇనపడది, ఫ్యాను చప్పుడు ఇనపడది, నీ పాట సుత ఇనపడది."

మాటల్లేవు కాబట్టి రాజ్యాంగం చదివేటప్పుడు అడ్డు రాదట. ఎవరూ వినకపోయినప్పుడే నయంగా ఉండేదనిపించింది కృష్ణచైతన్యకు. గిటారు ఎవరికి అమ్మాలా అని ఆలోచిస్తూ వెనక్కి తిరిగాడు.

వెనక వరుసలోంచి రాగిణి అనే అమ్మాయి విసురుగా వచ్చింది. "నువ్వేనా అన్న చేసింది? మూడోది జర మార్చు. ఆ కింద నడిచే డుమ్ డుమ్ షురూ అయితే నా కాలు ఆగుతలేదు. చదివింది బుర్రకెక్కుతలేదు."

ఎక్కడ అని అడిగాడతను. ఆమె పెన్నుతో బల్ల మీద కొట్టి చూపించింది. ఒక్క దెబ్బా తప్పలేదు. నడుమ అతను కావాలని వదిలిన ఖాళీ కూడా ఉన్నచోటే ఉంది.

రూము నడిపే బాలకిషన్ వచ్చి, చప్పుడు చేసేవాళ్లు బయటికి పోవాలని కృష్ణచైతన్యకు తలుపు చూపించాడు.

"మారుస్తవా మరి?" అంది రాగిణి.

"మార్చనండీ." కాదని చెప్పడంలో ఇంత సంతోషం ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

పరీక్ష పోతే ఆ పాపం నీదేనని తిట్టుకుంటూ ఆమె తన చోటికి పోయింది. కృష్ణచైతన్య గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి చూశాడు. రాగిణి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పుస్తకం తెరిచింది. బల్ల కింద కాలు ఆడుతోంది.