లాకు

పొద్దున్నే పొయ్యి వెలిగించి పాలు పెట్టాక ప్రసన్నలక్ష్మి మొగుణ్ణి అడిగే మొదటి మాట "కాఫీ తాగుతావా" అని కాదు, "లాకేది బావా" అని. పెళ్ళయిన కొత్తలో మొదలైన మాట. కూతురు పెద్దదై విశాఖపట్నం కాలేజీకి వెళ్ళిపోయినా ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కాశీబుగ్గ సందులో శంకర్ గ్రాఫిక్స్ అని ఓ డీటీపీ షాపుంది. బోర్డు మీద పేరు గౌరీశంకర్‌ది, నవ్వుతున్న బొమ్మ గౌరీశంకర్‌ది, కింద ఫోన్ నంబరూ ఆయనదే. లోపల కూర్చుని శుభలేఖలు, ఫ్లెక్సీలు, గృహప్రవేశాల కార్డులు టైపు చేసి నడుం పడిపోయేది ప్రసన్నలక్ష్మికి. తెలుగు అక్షరాలు వేసే ఆ సాఫ్ట్‌వేరు ఎవరిదో ఒక కంపెనీది. దానితోపాటు బొటనవేలంత ఎర్రటి ముక్క ఒకటి ఇచ్చారు. అది కంప్యూటరుకు గుచ్చితేనే సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది, పీకేస్తే మూసుకుపోతుంది. డీటీపీ వాళ్ళంతా దాన్ని లాకు అంటారు. రోజూ షాపు కట్టేసే వేళకు గౌరీశంకర్ ఎక్కడున్నా వచ్చి దాన్ని పీకి, బండి తాళాల గుత్తికి తగిలించి, జేబులో వేసుకుంటాడు.

"షాపులో ఒగ్గీస్తే ఎవరైనా సొంత పని సేసుకుంటారే" అంటాడు. షటరు తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఆ ఎవరో ఎవరన్నది విడమరిచి చెప్పక్కర్లేదు. గౌరీశంకర్ పార్టీ మనిషి. ఏ ఊళ్ళో పంచాయితీ ఉన్నా పొద్దున్నే బండెక్కి పోతాడు, లాకు కూడా ఆయనతో ఊరేగుతుంది. ఇటు షాపులో మనుషులు నిలబడి ఉంటే ప్రసన్నలక్ష్మి ఫోను చేసి "బావా, లాకు" అని బతిమాలుకుంటుంది. ఆయన పక్కన ఉన్నవాళ్ళు నవ్వడం ఫోనులో వినిపిస్తుంది. ఇక ఆడపడుచు ఇంటికొచ్చినప్పుడల్లా అనే మాట ఒకటుంది, "మా తమ్ముడి పున్నెమా అని ఫేను కింద కూకుంటాది, మనకలాటి బతుకేది" అని. ఫేను కింద కూర్చునే ముందు ఈ మనిషి ఇల్లు ఊడ్చి, వండి, అత్తగారికి ఒళ్ళు తుడిచి వచ్చిందని ఆవిడకు తెలియక కాదు. తెలిసినా లెక్కలోకి తీసుకోనవసరం లేని పని అది.

అత్తగారు అంటే ఎర్రమ్మ, ప్రసన్నలక్ష్మికి స్వయానా మేనత్త. ఆమెకు కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఆ మాట చెబితే ఎందుకు పోయాయని ఎవరూ అడగరు, ఎప్పటి నుంచి అని అడుగుతారు. డయాలసిస్‌కి పలాస ఆస్పత్రికి తీసుకెళ్ళడం, తీసుకురావడం కోడలి పనే. కొడుకు ఒకసారి వచ్చి, సెల్ఫీ తీసుకుని, "ఇక్కడ వాసన నాకు పడదు" అని వెళ్ళిపోయాడు. అక్కడ బయట బెంచీల మీద కూర్చునే ఆడవాళ్ళతో ప్రసన్నలక్ష్మికి స్నేహం కలిసింది. అందరూ ఎవరో ఒకరికి వండిపెట్టేవాళ్ళే. ఉప్పు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, ఉప్పుచేప ఊసే వద్దు అని డాక్టరు చెప్పేస్తాడు. కొబ్బరి తోటల్లో పుట్టినవాళ్ళు మరి ఏం తిని బతకాలన్నది ఆ బెంచీల మీదే తేలేది. కూరముక్కలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించడం, ఉప్పు లేని లోటు ఆవ పెట్టి కప్పిపుచ్చడం, దాహానికి నీళ్ళు తాగనివ్వకుండా నిమ్మచెక్క చప్పరించమనడం, కోపంతో కంచం విసిరేసే మొగుడి ముందు ఏ మాటతో మొదలుపెట్టాలన్నది. ఒకామె ఒకటి చెబితే పక్కామె "అలగ కాదమ్మా" అని దానికి ఇంకొకటి కలిపేది. ప్రసన్నలక్ష్మి అవన్నీ విని షాపుకొచ్చి, శుభలేఖల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఆ లాకు సాఫ్ట్‌వేరులోనే టైపు చేసేది. ఎవరు చెప్పింది వాళ్ళ పేరుతోనే. ఓసారి షాపుకొచ్చిన డాక్టరమ్మ ఒకామె తెర మీదే చదివి అక్కడక్కడ దిద్దించింది కూడా. ఏళ్ళు గడిచేసరికి అదొక పుస్తకమంత అయింది.

ఆ రోజుల్లోనే తెలుగు అక్షరాలు ఫోనులో ఎలా కనిపిస్తున్నాయన్న అనుమానంతో ఇంటర్నెట్‌లో వెతుకుతూ ఆమె ఓ కొత్త లోకంలో పడింది. లాకు అక్కర్లేని ఫాంట్లు, లాకు అక్కర్లేని సాఫ్ట్‌వేర్లు. ఎవరెవరో తీరిక వేళల్లో తయారుచేసి, లోపల ఎలా అల్లారో కూడా చూపించి, తీసుకోండి, మార్చుకోండి, పంచండి అని వదిలిపెట్టినవి. అందులో రాసిన అక్షరం ఏ కంప్యూటరులోనైనా అక్షరంగానే కనిపిస్తుంది. షాపు మూలన పడున్న పాత కంప్యూటరులో ఆమె అవి ఎక్కించుకుంది. మొదటిసారి అందులో తన పేరు టైపు చేసి, అది ఎవరినీ అడగకుండా తెర మీదికి వచ్చినప్పుడు ఏడుపొచ్చింది. చిన్న విషయమే. ఎంత చిన్నదో ఆమెకే సిగ్గనిపించింది.

ఇంటికెళ్ళి ఎర్రమ్మకు చెబితే ఆవిడ మంచం మీద నుంచే అంది, "అంటే మన తోడు పెరుగు లాటిదా? పక్కింటామె గిన్నెట్టుకొని వత్తాది, సెంచాడు ఏత్తాం. ఆల పాలు తోడుకుంటాయి, మన పెరుగు మనకుంటాది. రేపు మనది పులిసిపోతే ఆలింటికే ఎల్తాం."

"అదే అత్తా."

"మరి నా కొడుకు కొన్నదేటి?"

"అదీ పెరుగే. తినొచ్చుగాని తోడెయ్యకూడదు."

"అదేం పెరుగే" అని ఎర్రమ్మ మొహం చిట్లించింది. దీపాలు పెట్టాక పెరుగు బయటికి ఇవ్వకూడదని ఊరంతా అంటుంటే వినకుండా ఇచ్చిన మనిషి ఆవిడ. ఆ మాట అన్న ఏడాదే ఎర్రమ్మ పోయింది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా ప్రసన్నలక్ష్మే చేసింది, లాకు అడిగి పుచ్చుకుని. తర్వాత బెంచీల మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. వండిపెట్టినవాళ్ళకూ అదే జబ్బు పట్టుకుంది, తాగే నీళ్ళూ పీల్చే గాలీ అందరివీ ఒకటే కదా. వాళ్ళ ఫొటోలు కూడా ఆమె షాపుకే వచ్చేవి, చుట్టూ పూలదండ పెట్టమని. పుస్తకంలో ఎవరి పేరు టైపు చేసిందో ఆ పేరే ఫ్లెక్సీ మీద మళ్ళీ టైపు చేసేది.

గౌరీశంకర్‌తో వాదించకపోలేదు. "బావా, ఆ కంపెనీ రేపు మూసేత్తే మన పనంతా ఏటవుతాది? ఏ లాకుతో రాసింది ఆ లాకుకే తెరుసుకుంటాది. ఇన్నేళ్ళ రాత ఆల గుప్పెట్లో ఎట్టీసి కూకున్నాం. ఇది సూడు, ఎవరి దగ్గరా సెయ్యి సాపక్కర్నేదు" అని మూల కంప్యూటరు చూపించింది. ఆయన చూశాడు, పళ్ళు కుట్టుకుంటూ.

"ఊరికే వచ్చిందానికి ఇలువేటుంటాదే? డబ్బెట్టి కొన్నదయితే మనదంటాం. ఫ్రీగా పనిసేసేవోడు రేపు మానీసినా అడగలేం" అన్నాడు. ఆ మాట ఎవరితో అంటున్నాడో ఆయనకు తట్టనేలేదు. ఆమె కాఫీ గ్లాసు తీసుకుని కడగడానికి లేచింది.

పుస్తకం సంగతి చెబితే మాత్రం ఉత్సాహపడ్డాడు. "ఇప్పుడే ఎవులికీ ఇవ్వకు. వాట్సాపుల్లో పెట్టీకు. మనూరి కుర్రాళ్ళు ఎత్తుకుపోతారు. అట్ట మీద మా అమ్మ ఫొటో, నా ఫొటో ఏసి, మీటింగు పెట్టి రిలీజు సేద్దాం" అన్నాడు. చెప్పినవాళ్ళ పేర్లన్నీ తీసేసి సేకరణ గౌరీశంకర్ అని వెయ్యమన్నాడు. ప్రసన్నలక్ష్మి ఊ అనలేదు, కాదనలేదు. ఆ నోరెత్తకపోవడమే ఆమె చేసిన తప్పు. పేర్లు తీసేయకుండా ఊరుకుంది గాని, పుస్తకం ఒక్క కాపీ అయినా ప్రింటు తీయకుండా, ఎవరికీ ఇవ్వకుండా కూడా ఊరుకుంది. జలంత్రకోట నుంచి పెద్దతల్లి అనే ఆవిడ, మొగుడు పోయాక కూడా బెంచీ స్నేహం వదలని మనిషి, వచ్చినప్పుడల్లా "లచ్చిమీ, ఆ కాయితాలు ఎప్పుడిత్తావు" అని అడిగేది. "వత్తాయమ్మా" అనేది ప్రసన్నలక్ష్మి.

పుస్తకం ఫైళ్ళను లాకు లేని అక్షరాల్లోకి మార్చే ఉపాయం కూడా ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ములు ఉచితంగానే పెట్టారు. కావలసిందల్లా లాకు గుచ్చి ఉన్న ఒక్క తీరిక రోజు. ఆదివారం ఇమ్మని అడిగింది. "ఆదివారం ఇంట్లో వంట ఎవులు సేత్తారు, మా తమ్ముళ్ళొస్తారు" అన్నాడు. మళ్ళీ అడిగితే ఎలక్షన్ ఫ్లెక్సీలున్నాయన్నాడు. మళ్ళీ అడిగితే విసుక్కుని, "సరేనే, భావనపాడు నుంచి వచ్చాక ఇత్తాను, ఇంక సాలా" అన్నాడు.

భావనపాడులో పార్టీవాళ్ళ చేపల విందు. ఆ సాయంత్రమే ఫొటోలు వాట్సాపుకొచ్చాయి. గౌరీశంకర్ ప్యాంటుతోనే నడుంలోతు నీళ్ళలోకి దిగి, రెండు చేతులూ పైకెత్తి కేరింతలు కొడుతున్నాడు. మర్నాడు పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి ఆమె అడిగింది.

"లాకేది బావా?"

"బండి తాళం కొత్తది సేయించీసినాను. రైలుగేటు కాడ తాళాల కుర్రోడు సిటికెలో సేసిచ్చినాడు."

"లాకు?"

"అదీ ఆ గుత్తిలోనే ఉన్నాది కదే. అల వచ్చి లాగీసినాది. దానికి నన్నేటి సెయ్యమంటావు" అన్నాడు, పేపరు తిప్పుతూ.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆయన "మాడు వాసనొత్తన్నాది సూడు" అన్నాడు. ఆమె చూసింది. పొయ్యి కట్టింది, గట్టు తుడిచింది. టెక్కలిలో ఆ సాఫ్ట్‌వేరు అమ్మిన డీలరు ఫణీంద్రకు ఫోను చేసింది. ఆ కంపెనీని ఎప్పుడో ఇంకో కంపెనీ కొనేసుకుందట. పాత లాకులు ఇప్పుడు ఎవరూ ఇవ్వరట. కొత్త సాఫ్ట్‌వేరు ఉంది గాని అందులో పాత ఫైళ్ళు తెరుచుకోవట. "అన్ని ఏళ్ళు అందులోనే ఉంచీసేరేటి మేడమ్, మార్చుకోవల్సింది" అన్నాడు, జాలిగానే. ఆమె షాపుకు వెళ్ళి పుస్తకం ఫైలు మీద నొక్కింది. తెర నిండా ఈగలు చచ్చి పడ్డట్టు గుర్తులు. ఆ గుర్తుల్లో ఎక్కడో ఎర్రమ్మ ఉంది, బెంచీల మీది ఆడవాళ్ళంతా ఉన్నారు. మళ్ళీ అడిగి రాసుకుందామంటే చెప్పినవాళ్ళలో చాలామంది లేరు. ఇంట్లో ఎవరైనా చనిపోతే నలుగురూ వస్తారు. ఈ చావుకు వచ్చి కూర్చోవడానికి ఎవరూ లేరని ఆమెకు అర్థమైంది.

ఆ మధ్యాహ్నమే పెద్దతల్లి వచ్చింది. ఈసారి బల్ల దగ్గరికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"లచ్చిమీ, ఆ కాయితాలు అయినాయేటమ్మా? మా కోడలికీ అదే అని సెప్పినారు. సిన్న పిల్ల. మా ఇంటాయనకి నానేటి ఒండేదాన్నో నీకు సెప్పినాను కదా, నాకే గురుతు నేదు. బుర్ర ఒట్టిపోనాది."

ప్రసన్నలక్ష్మికీ గుర్తు లేదు. రాసేశాం కదా అన్న ధీమాతో మనసులో ఏదీ దాచుకోలేదు. "పోయినాయి పెద్దతల్లీ" అంది. ఎలా పోయాయని ఆవిడ అడగలేదు. పోవడానికి అలవాటుపడిన మనిషి. కొంగుతో మొహం తుడుచుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా గౌరీశంకర్ కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చాడు. అద్దెకు వాడుకునేది. దీనికి లాకు లేదు, తెరిచినప్పుడల్లా ఆయన ఫోనుకు ఓటీపీ వస్తుంది. "సూసినావా, ఇంక పోడానికేటీ నేదు" అని మురిసిపోతూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను చూసి అంకెలు చదివాడు. ఆమె కొట్టలేదు. వినపడలేదేమోనని మళ్ళీ చదివాడు.

"నేను దాన్ని ముట్టను బావా. నువ్వే కొట్టు" అంది.

"నాకు టైపింగ్ వత్తాదేటే?"

"రాదు" అంది ఆమె. లేచి మూలనున్న పాత కంప్యూటరు ముందు కూర్చుంది. అప్పటికి రెండు మూడు రోజులుగా అక్కడే, కస్టమర్లు లేనప్పుడు, ఏదో టైపు చేస్తూనే ఉంది. వెనకాలే వచ్చి గౌరీశంకర్ తెరలోకి తొంగిచూశాడు. పైన ఒక్క వాక్యం: ఇది ఎవరైనా తీసుకోవచ్చు, పంచవచ్చు, తెలిసింది కలపవచ్చు. కింద వరసగా ఆడవాళ్ళ పేర్లు. కొన్ని పేర్ల కింద ఒకటి రెండు మాటలు. చాలా పేర్ల కింద ఏమీ లేదు. పెద్దతల్లి పేరు కింద ఏమీ లేదు.

"ఇదేటి, అన్నీ ఖాళీలే" అన్నాడు. "ఇలగ పెడితే జనం నవ్వరేటి?"

ఆమె పేజీ కిందికి జరిపింది. ఆయన చూపు కిందికి దిగి ఒకచోట ఆగిపోయింది.

"మా అమ్మ పేరు కిందా ఖాళీయేనా? ఎనిమిదేళ్ళు ఒండిపెట్టినావు. అదీ మర్సిపోనావేటి?"

"మర్సిపోనేదు బావా. ఏ పూట ఏటి తిన్నాదో, ఏది ఒద్దని మొకం తిప్పుకున్నాదో, అన్నీ గురుతున్నాయి" అంది ప్రసన్నలక్ష్మి, కీబోర్డు మీద వేళ్ళుంచి. "అదొక్కటీ నువ్వు సెప్తావని ఒగ్గీసినాను. సెప్పు, రాత్తాను."

గౌరీశంకర్ నోరు తెరిచాడు. ఆమె ఎదురుచూసింది.