తమ్ముని చెంబు

బోధన్ తోటలో చెప్పుల్లేని కాళ్లతో చెరుకు కొడుతుంటే తమ్ముణ్ని పాము కరిచి చంపింది. అప్పటినుంచి పోశన్న మంచం దిగలేదు. ఇంట్లోవాళ్లు నిజామాబాద్ తీసుకెళ్తే డాక్టరు దిగులుకు గోళీలిచ్చాడు. అవి వేసుకున్న నాలుగో రోజుకే నోరు ఎండిపోయింది, చేతులు వణికాయి.

"సచ్చినోని దూప నీకు పట్టింది బిడ్డా. గోళీలు పారెయ్," అంది తల్లి హన్మవ్వ. చనిపోయిన కొడుకు దాహానికి ఆమె రోజూ గడప దగ్గర చెంబెడు నీళ్లు పెడుతోంది.

పోశన్న గోళీలు విసరబోయాడు. భార్య భూమవ్వ చెయ్యి పట్టుకుంది.

"నోరెండుతది, వణుకొస్తది, రెండు వారాలు ఓర్సుకోమని డాక్టర్ ముందే చెప్పలే? సచ్చినోడు పోయి ఆయన చెవుల ఊదిండా?"

పోశన్న గడప దగ్గరికి నడిచాడు. తమ్ముని చెంబెత్తి, ఆ నీళ్లతోనే గోళీ మింగాడు. సగం మిగిల్చి చెంబు అక్కడే పెట్టాడు.