ఫారంలో మందుల గడి

"ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. ఎవరు చూడొచ్చారు?" అంది మా అత్తగారు మూడోసారి, కొబ్బరిపాలతో వండిన నాసి లెమాక్ అన్నం పొట్లం విప్పుతూ.

"చూస్తారమ్మా, మూత్రం కూడా పరీక్ష చేస్తారు," అన్నాడు మా ఆయన హిషాం. "పోటీ రోజుల్లోనేగా ఆ మాత్ర నిషేధం! మూడ్రోజులు ఆపేస్తే సరి."

జాతీయ జూనియర్ బ్యాడ్మింటన్ పోటీలకి మలేసియాలోని మా పెరాక్ రాష్ట్రం నుంచి మా అమ్మాయి ఇల్యానా ఎంపికైందని ముందురోజే తెలిసింది. పద్నాలుగేళ్ళ పిల్ల! అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరి కాళ్ళూ నేలమీద లేవు. పక్కింటి రొహానా అక్క కేకు తెచ్చింది. తీరా ఫారం చూస్తే, వాడుతున్న మందులన్నీ రాయమన్నారు. దేనిమీదా మనసు నిలవని జబ్బుకి ఇల్యానా రెండేళ్ళుగా మాత్ర వేసుకుంటోంది.

"రాస్తే పిల్లకి పిచ్చనుకుంటారు," అంది అత్తగారు.

"నాకు పిచ్చే నానమ్మా, బ్యాడ్మింటన్ పిచ్చి!" అంది ఇల్యానా, నోటినిండా అన్నంతో.

"కిందటేడు మాత్ర మానేసి ఆడితే ఏమైంది?" అన్నాను హిషాంతో. "స్కోరు మర్చిపోయింది. సర్వీసు ఏ వైపునుంచి చెయ్యాలో మర్చిపోయింది. అంపైర్‌తో పోట్లాడింది."

"ఆ రోజు ఎండ దంచేసింది."

"ఇండోర్ స్టేడియంలో ఎండా?"

అత్తగారికే నవ్వాగలేదు. నేను ఆ మాత్ర రాసిచ్చే డాక్టర్ శివగామికి ఫోన్ చేసి, సంగతి చెప్పి, అందరూ వినేలా పెట్టాను.

"అభినందనలు ఇల్యానా!" అని అరిచిందావిడ. "కంగారు పడకండి. మాత్ర వేసుకునే ఆడనివ్వమని నేను ఉత్తరం రాసి, అధికారుల్ని ముందే అనుమతి అడగొచ్చు. పదేళ్ళ కిందట ఈ మందుకి నా దగ్గరికొచ్చేవాళ్ళంతా మగపిల్లలే. ఇప్పుడు సగానికి సగం ఆడపిల్లలు, వాళ్ళలో ఆటలాడేవాళ్ళూ ఉన్నారు. ఈ ఏడు ఇలాంటి ఉత్తరం రాయడం ఇది నాలుగోసారి. పోటీలకి ఇంకా ఆరువారాలుంది, ఇవాళే పంపుతాను. ఇస్తారని మాత్రం మాటివ్వలేను."

హిషాం బల్ల మీద చరిచాడు. "చాలు, చాలు! మనం ఆడుతున్నాం!"

"ఇవ్వకపోతేనో?" అంది అత్తగారు.

"ఇవ్వకపోతే మాత్ర ఆపుదాం, అంతే."

ఇల్యానా చెయ్యి కడుక్కొచ్చి, ఫారం ముందుకి లాక్కుని, మందు పేరు పెద్ద అక్షరాలతో రాసింది. కింద సంతకం చెయ్యమని నాన్నకి కలం ఇచ్చింది.

"అనుమతి వస్తే ఆడతాను," అంది మెల్లగా, మా ముగ్గురినీ చూస్తూ. "రాకపోతే ఈ ఏడు ఆడను. మాత్ర మాత్రం ఆపను. స్కోరెంతో తెలియకుండా ఇంకోసారి కోర్టులో నిలబడలేను."