అంచులోని మరక

గడ్డం కింద కత్తి నడిపేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టుకుంటుంది. పక్షవాతం వచ్చాక భర్త కుడి చెంప వేలాడిపోయింది. అక్కడి చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి పట్టుకుంటే తప్ప వెంట్రుక తెగదు. ఎడమ చెంప మాత్రం మునుపటిలాగే బిగుతుగా, కోపంగా ఉంది. ఆ ఉదయం నురగ చల్లగా తగిలిందని అతడు ఎడమచేత్తో ఆమె మణికట్టు మీద కొట్టాడు. కత్తి జారి ఆమె బొటనవేలు తెగింది. వేలిని నీళ్లగిన్నెలో ముంచి, గుడ్డపీలిక చుట్టుకుని, మిగిలిన సగం గడ్డం పూర్తి చేసింది. గొంతు మీద నరం కొట్టుకునే చోట ఆ కత్తి ప్రతిరోజూ అవసరమైనదానికంటే ఒక క్షణం ఎక్కువ ఆగుతుంది. అలా ఆగడంలో ఎంత సుఖముందో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ముప్పై ఏళ్లు ఆమె చేసిన పని నలుపు నింపడం. వారపత్రికలో వచ్చే బొమ్మల కథకు అతడు పెన్సిలుతో గీసి, పై గీతలు సిరాతో దిద్ది, నల్లగా ఉండవలసిన ప్రతి చోటా చిన్న గుర్తు పెట్టి కాగితాన్ని ఆమె ముందుకు నెట్టేవాడు. రాత్రి ఆకాశాలు, వీరుడి అంగీ మడతలు, గోడల వెంట పాకే నీడలు, శవాల కింద మడుగులు, అన్నీ ఆమె కుంచె నింపినవే. ప్రెస్సులో వాళ్లు ఆమెను మసి అక్కయ్య అనేవారు. పెళ్లి ఫోటోలో తప్ప మరెక్కడా ఆమె గోళ్లు తెల్లగా కనిపించవు.

ఆమెకు రెండో పని ఒకటి ఉండేది. దానికి ప్రెస్సులో పేరు లేదు. అతడు కళ్లతో చూడనిదే ఏదీ గీయలేడు. దెబ్బ తిన్న మనిషి మెడ ఎటు తిరుగుతుందో, విరిచిపట్టిన చెయ్యి ఎక్కడ ఉబ్బుతుందో ఎదురుగా ఎవరో ఒకరు నిలబడి చూపించాలి. కొత్తలో అది నటనే. "పడు," అనేవాడు. పడేది. "అలా కాదు, ఇంకోసారి పడు. నోరెందుకు మూస్తావ్? దెబ్బ తినేవాడు నోరు తెరవాలి." పెళ్లయి ఏడాది తిరగకముందే, నటనలో నరం సరిగా లేవడం లేదని అతడికి తోచింది. అప్పటినుంచి నిజంగానే కొట్టాడు. ఆ వారం పత్రికకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. మీ పోరాటాలు ఎంత సహజంగా ఉన్నాయండీ అని పాఠకులు పొగిడారు. ఇక అతడు ఆగవలసిన అవసరం ఏముంది?

పదిన్నరకు పాతబొమ్మలు సేకరించే ఆయన వచ్చాడు. నలభై ఏళ్లవాడు, మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి అడుగుపెట్టాడు.

"ఎలా ఉన్నారు గురువుగారూ?"

"చస్తున్నా. కనపట్టం లేదూ?" సగం నోటితో అన్నాడు భర్త.

వచ్చినాయన నవ్వి, చేతులకు తెల్లని తొడుగులు వేసుకుని, చిన్న కత్తితో అట్టపెట్టె అతుకులు కోశాడు. పలుచని కాగితాలు పొర తరవాత పొర తొలగించి, లోపలి పేజీని పసిబిడ్డను దించినట్టు బల్ల మీదికి దించాడు. చనిపోయిన సంపాదకుడి ఇంట్లో దొరికిందట.

ఆమె టీ తెచ్చి పెట్టింది. "ఇంత పాత కాగితానికి ఇంత ముస్తాబు ఎందుకు బాబూ?"

అడిగినందుకు వచ్చినాయన సంబరపడ్డాడు. "అన్ని పేజీలూ ఒకటి కాదమ్మగారూ. నలుగురు నిలబడి కబుర్లు చెప్పుకునే పేజీని ఎవడడుగుతాడు? వీరుడు ముసుగు తీసిన ముఖం కనపడాలి. పేజీ మొత్తం ఒకటే బొమ్మయితే ఇంకా మేలు. ఎవడో ఒకడు చావాలి. అన్నిటికన్నా ముందు, గురువుగారి దెబ్బ ఉండాలి! వేరేవాళ్లు గీస్తే పిడికిలి ముఖానికి తగుల్తుంది, అంతే. ఈయన గీస్తే ఎముక విరిగిన చప్పుడు వినిపిస్తుంది."

"వినిపిస్తుంది," అంది ఆమె.

"ఇక అంచులు. చాలా పేజీలకి ప్రెస్సువాళ్లు అంచులు కోసి పారేశారు. దీనికి నాలుగువైపులా నిండుగా ఉన్నాయి. అచ్చులోకి రానిదంతా అంచులోనే మిగుల్తుంది కదా. ఇటు చూడండి." తొడుగు వేసిన వేలు కుడివైపు కింది మూలకు దగ్గరగా గాలిలో ఆగింది. అక్కడ మూడు చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి గోధుమరంగు మరకగా మారాయి. "గురువుగారి నెత్తురు! రాత్రంతా మేలుకుని గీస్తుంటే వేలు తెగిందట. అయినా కుంచె వదల్లేదట. అప్పట్లో పత్రికలో ఆయనే చెప్పారు. మావాళ్లందరూ దీన్ని నెత్తుటి పేజీ అంటారు."

ఆయన పేజీని మెల్లగా తిప్పాడు. వెనక తన పొందికైన అక్షరాలతో 'ఈ రక్తం నాది' అని ముందే పెన్సిలుతో రాసి తెచ్చాడు. "ఆయన ఎడమ బొటనవేలి ముద్ర ఒక్కటి వేయించండమ్మగారూ. ఆ తరవాత ఇంకెవడూ అనుమానపడలేడు."

ఆమె పేజీని మళ్లీ తిరగేసి బొమ్మను చూసింది. వీరుడి పిడికిలి కింద దవడ పక్కకు జరిగి, పళ్లు ఎగిరిపోతూ, దుష్టుడు చస్తున్నాడు. మీసాలు అతికించిన ఆ ముఖం ఆమెది. అది రాత్రి కాదు, పట్టపగలు. చెయ్యి ఎత్తి నిలబడలేకపోతున్నానని ఆమె అన్నందుకు అతడు ఇనుప స్కేలు అంచుతో కొట్టాడు. కనుబొమ్మ చీలింది. ఒంగిన ముఖంలోంచి చుక్కలు కాగితం మీద పడ్డాయి. అతడు మొదట కాగితం పాడైందని తిట్టాడు. ఆ తరవాత ఆమె జుట్టు పట్టి ముఖం వెలుతురుకు తిప్పి, "కదలకు," అని గీసుకున్నాడు. ఆ సాయంత్రం ఒక కన్ను మూసుకునే ఆమె ఆ పేజీకి నలుపు నింపింది.

"ముద్ర వేయించవే," అన్నాడు భర్త.

జీవితమంతా ఆమె అతడికి ఎదురు చెప్పలేదు. ఇప్పుడూ అతడితో మాట్లాడలేదు. వచ్చినాయన వైపు తిరిగింది. "ఆ నెత్తురు నాది బాబూ. స్కేలుతో కొట్టాడు. బొమ్మ కోసం. ఇదొక్కటే కాదు, మీరు కొన్న ప్రతి దెబ్బా నా ఒంటిమీద పడ్డదే."

భర్త విసిరిన స్టీలు గ్లాసు గాలిలో తిరిగి వచ్చి ఆమె భుజానికి తగిలింది. టీ బల్ల మీద చిందింది. వచ్చినాయన "అయ్యో" అంటూ రెండు చేతులూ చాచి ముందుకు ఒంగి పేజీకి అడ్డుపడ్డాడు.

ఈ మాట బయటపెట్టిన రోజున వినేవాళ్ల ముఖం ఎలా మారుతుందో ఆమె ఎన్నో ఏళ్లు ఊహించుకుంది. తెల్లబోతారనుకుంది, సిగ్గుపడతారనుకుంది, ఒక్కరైనా లేచి అతడి చొక్కా పట్టుకుంటారనుకుంది. ముఖం మారనే మారింది. దీపం వెలిగించినట్టు వెలిగింది.

"ఎంత గొప్ప సంగతి చెప్పారమ్మగారూ!" అన్నాడు వచ్చినాయన. "వేలు తెగిన కథ ఎవడికైనా ఉంటుంది. ఇలాంటిది ఎక్కడుంది? వెనక రాసింది చెరిపేద్దాం. ఇద్దరి ముద్రలూ వేయిద్దాం. మీ కనుబొమ్మ మీది మచ్చని ఒక ఫోటో తీసుకుంటాను. ఇలా కాస్త వెలుతురులోకి తిరుగుతారా?"

భర్త సగం నోరు నవ్వింది. "చూశావా? నా దెబ్బకి ధర పెరిగింది."

బల్ల మీద అట్టపెట్టె కోసిన కత్తి ఉంది. ఆమె అందుకుంది. తొడుగుల్లేని అరచెయ్యి పేజీ మీద ఆనించి, మరక చుట్టూ ఒక గీత, రెండో గీత, మూడోది, నాలుగోది కోసింది. కుంచెతో అంచు దాటకుండా నింపిన చెయ్యి అది.

"చంపేశారు! పేజీని చంపేశారు!" వచ్చినాయన గొంతు కీచుమంది.

"బొమ్మను ముట్టుకోలేదు. నాది నేను తీసుకున్నాను."

"ఇవ్వండమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా. అతికించేవాళ్లున్నారు. కనపడకుండా అతికిస్తారు. ఆ ముక్క ఇవ్వండి!"

అతికించవచ్చునని ఆమెకు అప్పుడే తెలిసింది. ముక్కను నోట్లో వేసుకుని నమిలింది. గట్టి కాగితం, ఎంతకూ మెత్తబడలేదు. ఉప్పదనం ఏమీ మిగల్లేదు, పాత జిగురు చేదు మాత్రం తగిలింది. కళ్లు మూసుకుని మింగేసింది.

భర్త చేతికర్ర ఆమె నడుం మీద పడింది. రెండోసారి లేచేలోగా ఆమె ఆ ఎడమ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు, ముప్పై ఏళ్లు దాని అవతలివైపు ఉంది. మెల్లగా, కీలు ఆగే చోటిదాకా తిప్పింది. అతడి మెడ నరం లేచింది. కర్ర జారిపోయింది.

"నోరు తెరవండి," అంది. "దెబ్బ తినేవాడు నోరు తెరవాలి కదా."

అతడి నోరు దానంతటదే తెరుచుకుంది. కంట్లో భయం ఆమెకు స్పష్టంగా కనిపించింది. ఒక్క పిసరు తిప్పితే ఎముక చప్పుడు చేస్తుంది. ఆమె ఆ చప్పుడు కోసం కాసేపు ఎదురుచూసింది. తరవాత ఆ చేతిని అతడి ఒళ్లో పెట్టేసింది.

లోపలికి వెళ్లి రెండు జతల బట్టలు సంచీలో సర్దుకుంది. కూతురికి ఫోన్ చేసి, "ఆఫీసు నుంచి నేరుగా ఇక్కడికి రా. నేను పిన్ని దగ్గరికి వెళ్తున్నా," అంది. "ఇప్పటికైనా వెళ్లమ్మా," అంది కూతురు.

గుమ్మం దగ్గర ఆమె వచ్చినాయనతో నెమ్మదిగా అంది: "ఒంటిగంటకి అరమాత్ర. తిండి ఎడమవైపు పెట్టాలి, కుడివైపు పెడితే పొలమారుతుంది. సాయంత్రం అమ్మాయి వచ్చేదాకా కూర్చోండి."

"నేనా? నేనెలా కూర్చుంటానమ్మగారూ?"

"అసలు ప్రతులే కదా మీరు కొనేది. అదిగో, అసలు మనిషి."

తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. "ఏయ్" అన్న కేక ఒకటి వెంటబడి, మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. గదిలో ఇద్దరు మగవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బల్ల మీద నెత్తుటి పేజీ పరుచుకునే ఉంది. దాని కుడివైపు కింద, అగ్గిపెట్టెంత కన్నంలోంచి టీకి తడిసిన బల్లచెక్క కనిపిస్తోంది.