ఎర్రచుక్క పెట్టిన గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసుని. వెండిదాన్నయితే బీరువాలో ఉండేదాన్ని. రాగిదాన్నయితే దేవుడి గదిలో ఉండేదాన్ని. స్టీలుకి అలాంటి మర్యాదలు లేవు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక రేకు, ఒక అచ్చు, ఒక దెబ్బ. ఆ దెబ్బకే నాకు అడుగూ అంచూ ఏర్పడ్డాయి. మనిషి మనిషిగా తయారవడానికి ఎన్ని దెబ్బలు కావాలో నాకు తెలియదు. ఎన్ని తిన్నా తయారవని వాళ్లను మాత్రం చూశాను.

రామచంద్రపురంలో రైసుమిల్లు రాయుడు గారి పెళ్లికి ఎవరో ఆరు గ్లాసుల సెట్టు చదివించారు. అందులో నేనొకదాన్ని. మా ఆరింటి మీదా కరెంటు పెన్నుతో ఒకటే పేరు చెక్కారు. పక్కపక్కన పెడితే ఏది ఏదో ఎవరూ పోల్చుకోలేరు.

ఆ ఇంట్లో రూతమ్మ పనిచేసేది. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, అంట్లు తోమి, బట్టలు ఉతికేది. ఒక వేసవి మధ్యాహ్నం ఆవిడ కళ్లు తిరిగి నూతి దగ్గర కూలబడింది. రాయుడు గారి భార్య హైమావతి కంగారుపడి, చేతికి అందిన గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. చేతికి అందింది నేను. రూతమ్మ తాగింది. కాస్త తేరుకున్నాక నన్ను శుభ్రంగా తోమి బోర్లించింది. రాయుడు గారి తల్లి సూరమ్మ గారు పెరటి అరుగు మీద కూర్చుని అంతా చూశారు.

"ఆ గ్లాసింక లోపలికి రాకూడదు," అన్నారు.

"తోమేసిందండి అత్తయ్య గారూ."

"ఏంటే తోమేది? చింతపండెట్టి తోమినా దాని నోరు తగిలింది పోద్దా? ఏదన్నా గుర్తెట్టి గోడ మీద పడెయ్."

హైమావతి తన గోళ్లరంగు తెచ్చి నా అడుగున ఎర్రచుక్క పెట్టింది. ఆ రోజు నుంచి పెరటి గోడే నా ఇల్లు. రోజూ పొద్దున్న హైమావతి గిన్నె ఎత్తి పట్టుకుని, పైనుంచి ధారగా నాలో టీ పోసేది. గిన్నె నాకు తగలకుండా పోయడం ఒక విద్య. అది ఆవిడకు బాగా వచ్చు.

మిగిలిన ఐదు గ్లాసులనూ రోజూ తోమేది రూతమ్మే. ఆవిడ తోమిన గ్లాసుల్లో ఇంటిల్లిపాదీ నీళ్లు తాగేవారు. ఆవిడ తాగిన గ్లాసును మాత్రం తోమినా ముట్టేవారు కాదు. చేతికి లేని మైల నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను అడిగేదాన్నే. నాకు నోరుంది గానీ నాలుక లేదు.

అలా ఏళ్లు గడిచాయి. రాయుడు గారి కూతురు సాహితి పదకొండో తరగతిలో ఉండగా, ఒక సంస్థ ద్వారా ఏడాది పాటు జర్మనీలో చదువుకోవడానికి వెళ్లింది. ఆ పిల్ల ఎవరింట్లో దిగిందో ఆ ఇంటి పిల్ల ఇక్కడికి వచ్చింది. కుండమార్పిడి పెళ్లిళ్లు ఎరిగిన ఊరు గనక పిల్లల మార్పిడికి ఎవరూ అంతగా ఆశ్చర్యపోలేదు.

వచ్చిన పిల్ల పేరు యోహన్నా. పదహారేళ్లు. గడకర్రలా పొడుగు, ముక్కు నిండా గోధుమరంగు మచ్చలు. సాహితి గది, సాహితి మంచం, సాహితి యూనిఫాం ఆ పిల్లకి ఇచ్చారు. యూనిఫాం కుట్లు విప్పి ఎంత దించినా చాలలేదు. రోజూ పొద్దున్న హైమావతి ఆ పిల్లకి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేది. వాళ్ల ఊళ్లో బడి మధ్యాహ్నానికే అయిపోతుందట. ఇక్కడ తెల్లారకముందు మొదలై, పొద్దుగూకాక స్టడీ అవర్సు. ఆదివారం పరీక్షలు. బడికి ఎవరు వచ్చినా ప్రిన్సిపాల్ గారు ముందు ఆ పిల్ల క్లాసుకే తీసుకొచ్చి, లేచి నిలబడి నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడమనేవారు. ఊళ్లో ఓణీల ఫంక్షన్ అయినా, కొత్త బట్టల కొట్టు తెరిచినా ఆ పిల్ల ఉండాల్సిందే. పెళ్లికూతురి కంటే ఆ పిల్ల ఫొటోలే ఎక్కువ ఉన్న ఆల్బమ్‌లు రామచంద్రపురంలో ఉన్నాయి.

గది తలుపు వేసుకుంటే చాలు, హైమావతి తట్టేది. "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" ఒక మనిషికి ఒంట్లో బాగుండి కూడా ఒంటరిగా ఉండాలనిపిస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అన్నం చేత్తో తినడం రాక సగం కింద పోసుకునేది. సూరమ్మ గారు పప్పన్నం కలిపి ముద్దలు చేసి, స్వయంగా ఆ పిల్ల నోట్లో పెట్టేవారు. ఆ నోరు తమ వేళ్లకు తగిలినా ఏమీ అనుకునేవారు కాదు. ఆ పిల్ల తన దేశంలో ఏ మాంసం తింటుందో అందరికీ తెలుసు. అదే మాంసం తింటుందనే గదా రూతమ్మను గుమ్మం ఎక్కనివ్వనిది! ఆ ప్రశ్న కూడా ఎవరూ వేయలేదు.

యోహన్నా పొద్దున్నే లేచి పెరటి మెట్ల మీద కూర్చునేది. అక్కడైతే ఎవరూ ఫొటో అడగరు. అంట్లు తోముతూ రూతమ్మ పలకరించింది.

"నీ పేరేంటి తల్లీ?"

"యోహన్నా."

"యోహానా? ఆయ్, మా నాన్న పేరండి అది! అయితే నువ్వు మా నాన్నవే. చెప్పు నాన్నా, మా అమ్మనెందుకు కొట్టేవోడివి?"

ఆ పిల్లకు సగమే అర్థమైంది. అయినా పడీపడీ నవ్వింది. ఆ తరవాత రోజూ వచ్చేది. బడిలో "మీరు క్షేమంగా ఉన్నారా" అని నేర్పితే, రూతమ్మ దగ్గర "ఏంటి సంగతులు" అని నేర్చుకుంది. ఒక పొద్దున్న ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తుంటే రూతమ్మ ఓదార్చలేదు. "ఏడ్చెయ్ నాన్నా. కడుపులో దాచుకుంటే అన్నం దిగదు," అని తన పని తను చేసుకుంది. ఆ ఊళ్లో ఆ పిల్లని ఏడవనిచ్చిన మనిషి ఆవిడొక్కతే.

ఒకరోజు రూతమ్మ టీ తాగుతుండగా ఆ పిల్ల చెయ్యి చాపి, నన్ను తీసుకుని, ఒక గుక్క తాగి మళ్లీ ఇచ్చింది. రూతమ్మ ముందు వంటింటి కిటికీ వైపు చూసింది. తరవాత ఎదురుగా ఉన్న మనిషి వైపు చూసింది. ఆ ఇంట్లో అన్నేళ్లు పనిచేసిన వాళ్ల చూపు అలాగే ఉంటుంది.

"తప్పు నాన్నా. ఎంగిలి."

"మా ఇంట్లో అందరూ తాగుతాం."

"మీ ఇల్లు వేరు."

"ఇది కూడా మా ఇల్లే. ఆంటీ చెప్పారు."

"నీకు చెప్పారు," అంది రూతమ్మ.

అయినా మర్నాడు ఆ పిల్ల చెయ్యి చాపితే రూతమ్మ కాదనలేదు. రోజూ సగం ఆవిడది, సగం ఆ పిల్లది.

పరీక్ష లేని ఒక ఆదివారం రూతమ్మ ప్రార్థనకు వెళ్లింది. తిన్నవాళ్లే గిన్నెలు కడగడం వాళ్ల దేశంలో మామూలేనట. యోహన్నా నూతి దగ్గర చతికిలబడి అంట్లన్నీ తోమింది. గోడ మీదున్న నన్ను కూడా దించింది. అడుగున ఎర్రగా ఏదో అంటుకుని ఉంటే స్టీలు పీచు పెట్టి పోయేదాకా రుద్దింది. హైమావతి అది ఫొటో తీసి, 'మా జర్మనీ కూతురు' అని బంధువుల గ్రూపులో పెట్టింది. ఫొటోలో నేనూ ఉన్నాను. ఎవరూ చూసుకోలేదు.

ఆ పిల్ల మా ఆరింటినీ తుడిచి వంటింట్లో స్టాండుకి పెట్టింది. అన్నేళ్ల తరవాత తోబుట్టువుల మధ్యకి వచ్చాను. సంతోషించాననుకోకండి. అవి నా గురించి ఒక్కనాడైనా అడిగి ఉంటే సంతోషించేదాన్ని.

సూరమ్మ గారు దాహమేసి వచ్చారు. స్టాండులోంచి ఒక గ్లాసు తీసి, నీళ్లు ముంచుకుని తాగారు. గ్లాసు తిరిగి పెట్టబోతూ ఆగిపోయారు.

"హైమా! ఆరున్నాయేంటే?"

హైమావతి పరుగున వచ్చింది. అత్తాకోడళ్లు ఒక్కొక్క గ్లాసూ తిరగేసి చూశారు.

"చుక్కేదీ?"

"ఎర్ర మురికి ఉంది, నానమ్మగారూ," అంది యోహన్నా గర్వంగా. "నేను తీసేశాను."

సూరమ్మ గారి ముఖం చూసి తీరాలి. తాగిన గ్లాసు ఏదో తెలియదు. మింగిన నీళ్లు కక్కలేరు. పెరట్లోకి పోయి తలమీంచి స్నానం చేసి, తడిబట్టతోనే మా ఆరింటినీ బయట పారెయ్యమన్నారు. హైమావతి మమ్మల్ని గోనెసంచిలో వేసి, పెరటి గుమ్మం పక్కన మెట్ల కింద పెట్టింది. నిజానికి చూడాలనుకుంటే నేనెవరో తెలిసేది. కొత్తగా పీచు పడి ఆరింటిలోకీ నేనే ఎక్కువ మెరుస్తున్నాను. వాళ్లు చుక్క కోసం వెతికారు గానీ గ్లాసును చూడలేదు.

"నేను తప్పు చేశానా?" అని అడిగింది యోహన్నా.

"లేదమ్మా, నీకేం తెలుసు, చంటిపిల్లవి," అంది హైమావతి.

రాయుడు గారు సంగతి విని ఒకటే అన్నారు. "ఆ పిల్లనేమన్నా అంటే రేపు అక్కడ మన పిల్లనేమంటారో. జాగ్రత్త."

తప్పు జరిగింది. చేసినవాళ్లను అనడానికి లేదు. ఇంక దొరికే మనిషి ఒక్కతే.

సాయంత్రం రూతమ్మ వచ్చింది.

"గ్లాసు లోపలికెవరు పంపారే?" అన్నారు సూరమ్మ గారు.

"నాకు తెల్దండి అమ్మగోరూ. నేను పార్దనకెళ్లానండి."

"ఆ పిల్లకి మప్పింది నువ్వు కాదా? పక్కన కూకోబెట్టుకుని ఒకే గ్లాసులో టీలు తాగించింది నువ్వు కాదా? కళ్లు లేవనుకున్నావా నాకు? రేపట్నించి రానక్కర్లేదు."

మర్నాటికి ఆ మాట వీధంతా పాకింది. ఆ వీధిలోనే రూతమ్మకు ఇంకో రెండిళ్లు ఉండేవి. వాళ్లూ వద్దన్నారు. ఇంటి పద్ధతి చెడగొట్టిందన్న పేరు పడ్డాక ఆ వయసులో ఎవరు పనిస్తారు? యోహన్నాకు మాత్రం, రూతమ్మ కూతురి దగ్గరికి వెళ్లిందని చెప్పారు.

వెళ్లలేదు. వారం తిరక్కుండానే పెరటి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. యోహన్నా పరుగెత్తుకు వెళ్లింది. నేను గోనె చిరుగులోంచి అంతా చూశాను, విన్నాను.

"నాన్నా, నువ్వు చెబితే ఇంటారు. నేను మప్పలేదని చెప్పు. నీ అంతట నువ్వే చేశానని చెప్పు. నిన్నేమీ అనరు. ఒక్క మాట."

ఆ పిల్లకు సంగతి నెమ్మదిగా తలకెక్కింది. ఎర్ర మురికి ఏమిటో, గోడ మీద గ్లాసు ఏమిటో అప్పుడు తెలిసింది. ఏడ్చింది. ఏడ్చి, "రేపు వాసంతి మేడం వస్తారు. అందరి ముందు చెప్తాను," అంది.

రూతమ్మ గేటు మీంచి చెయ్యి చాపి ఆ పిల్ల తల నిమిరింది.

వాసంతి మేడం పిల్లలు ఎలా ఉన్నారో కనుక్కోవడానికి సంస్థ పంపే మనిషి. కాకినాడ నుంచి వచ్చింది. పింగాణీ కప్పుల్లో టీ, పళ్లెంలో పూతరేకులు. అందరూ హాల్లో కూర్చున్నారు. పెరటి గుమ్మం తీసే ఉంది. గేటు అవతల రూతమ్మ నిలబడి ఉంది.

"యోహన్నా, ఏ ఇబ్బంది ఉన్నా మొహమాటపడకుండా చెప్పు," అంది మేడం. "ఈ ఇల్లు కుదరకపోతే వేరే ఊళ్లో చూస్తాం."

వేరే ఊరు! వచ్చే వారమే క్లాసంతా అరకు వెళుతోంది. ఆ పిల్లకు స్నేహితులు దొరికి ఎన్నాళ్లో కాలేదు. హైమావతి పక్కన కూర్చుని ఆ పిల్ల జడ సవరిస్తోంది. సూరమ్మ గారు పూతరేకు విప్పి ముక్క చేతికిచ్చారు.

యోహన్నా ముందు సూరమ్మ గారి వైపు చూసింది. తరవాత గేటు దగ్గరున్న మనిషి వైపు చూసింది. ఆ చూపు నేనెరుగుదును. దాన్ని నేర్చుకోవడానికి రూతమ్మకు ఎన్నేళ్లు పట్టిందో గానీ, ఆ పిల్లకు ఏడాది కూడా పట్టలేదు.

"అంతా చాలా బావుందండి," అంది.

"అబ్బ, ఎంత స్పష్టంగా పలికిందో!" అని మేడం మురిసిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రూతమ్మ గేటు గొళ్లెం చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అరకు ఫొటోలు బాగా వచ్చాయట.

తిరిగి వెళ్లే ముందురోజు యోహన్నా మెట్ల కిందికి వంగి, గోనెసంచిలోంచి ఒక గ్లాసు తీసింది. ఏది రూతమ్మదో ఆ పిల్లకు తెలియదు. అన్నిటికంటే మెరిసేదాన్ని ఏరుకుంది. ఆ మెరుపు తను పెట్టిందేనని కూడా తెలియదు.

"పాత గ్లాసెందుకమ్మా? వెండిది ఇస్తాం," అంది హైమావతి.

"నాకు ఇదే కావాలి."

"పట్టుకుపోనీవే," అన్నారు సూరమ్మ గారు. "సముద్రం దాటిస్తే ఏ మైలా ఉండదు." ఆవిడ చిన్నతనంలో సముద్రం దాటితేనే మైల అనేవారు. మైల కూడా మనుషుల వీలునిబట్టి నడుస్తుంది.

మిగిలిన ఐదూ మిల్లులో బస్తాలు మోసేవాళ్ల దగ్గరికి పోయాయి. పట్టుచీరలు, గోంగూర పచ్చడి మధ్య కూరుకుని నేను విమానం ఎక్కాను.

యోహన్నా తన బడిలో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. తెర మీద బొమ్మలు వేసింది. జడలు, ఓణీ, అరకు లోయ. చివర్న నన్ను చేత్తో ఎత్తి చూపించింది. పెరట్లో తనకొక అమ్మమ్మ ఉండేదనీ, ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగేవాళ్లమనీ చెప్పింది. అక్కడ గొంతు పూడుకుపోయింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. పక్క బడిలో చెప్పినప్పుడు, టౌన్ హాల్లో చెప్పినప్పుడు కూడా సరిగ్గా అక్కడే గొంతు పూడుకుపోయింది. గేటు గురించి ఎక్కడా చెప్పలేదు. మనుషులు తమ కన్నీళ్లను చూపిస్తారు గానీ వాటి కారణాన్ని చూపించరు.

నన్ను ఇప్పుడు ఆ బడి వసారాలో గాజు బీరువాలో పెట్టారు. నా కింద నల్లని గుడ్డ, నా మీద దీపం. ఒక పక్క అట్టముక్క మీద నా గురించి రాశారు. 'భారతీయుల అతిథి మర్యాదకు గుర్తు' అని దాని భావమట. పిల్లలు వచ్చి చదివి పోతుంటారు. నాలో ఎవరూ ఏమీ పోయరు.

అప్పుడప్పుడు ఏ చిన్నపిల్లో అద్దం మీద వేలు పెడుతుంది. వెంటనే టీచరు ఆ వేలు పట్టుకుని వెనక్కి లాగి, బీరువాకి అంటించిన ఇంకో చీటీ చూపిస్తుంది. వాళ్ల భాష నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. ఆ చీటీ మాత్రం ఎవరూ చదివి చెప్పకుండానే నాకు అర్థమైంది.

ముట్టుకోకూడదు.