పద్నాలుగో ప్రశ్న

అంట్లు తోమి, అత్త బిక్షమ్మ కాళ్లకు ఆముదం రాసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది యాదలక్ష్మి. ఎదురుగా సర్కారు వారి దరఖాస్తు. ముప్పై ఒక్క ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులోనే. పెళ్లికి బాబాయి ఇచ్చిన కొత్త పెన్ను మూత తీస్తుంటేనే ఆమెకు సంబరం. నల్లగొండ ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చదువుతూ, చేతిరాత బాగుందని లెక్చరర్లచేత అనిపించుకున్న పిల్ల.

"ముత్యాల్లెక్క రాస్తున్నవే! డిగ్రీ పిల్లను చేసుకున్నందుకు గిప్పుడు అక్కరకొచ్చింది," అన్నాడు ఎల్లేశం భార్య భుజం మీదుగా తొంగిచూస్తూ. పొద్దున వంటకు, మధ్యాహ్నం బట్టలకు, పూటపూటా అత్త కాళ్లకు అక్కరకొచ్చింది ఎవరని ఆమె అడగలేదు. పెళ్లై ఇరవై మూడు రోజులే. గాజుల గలగలకే ఇంకా నవ్వొస్తున్న రోజులు.

చిట్యాల చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు లేచాయి. వాటిలో మిగిలే మడ్డిని డ్రమ్ముల్లో తెచ్చి గుంటల్లో పూడ్చడం కొత్త వ్యాపారం. ఊరి బయట గుట్ట కింద తమకున్న నాలుగెకరాల బీడులో ఎల్లేశం ఆ వ్యాపారమే పెట్టదలచాడు. దానికి అనుమతి కావాలి. పెళ్లైన మూడో రోజే పది తెల్లకాగితాలు పట్టుకొచ్చి, "జర సంతకాలు పెట్టు. కంపెనీకి నీ పేరే పెట్టిన. యాదలక్ష్మి డిస్పోజల్స్!" అన్నాడు. ఆమె మురిసిపోయింది. కొత్త ఇంటిపేరుతో సంతకం ఎలా పెట్టాలా అని ముందు నుంచే పాత పేపర్ల అంచుల మీద దిద్దుకుంటున్న పిల్ల! బొడ్డుపల్లి యాదలక్ష్మి అని, చివరి అక్షరానికి చిన్న తోక తగిలించి, పది కాగితాల మీదా పది సంతకాలు పెట్టింది. "ఖాళీగున్నయి గదండీ?" అని అడిగింది కూడా. "నేను నింపుకుంట తియ్. మొగని మీద నమ్మకం లేదా?" అన్నాడు. ఆ మాటకు సిగ్గుపడి, పదకొండోది ఉంటే అదీ పెట్టేదేమో.

పద్నాలుగో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. దాన్ని ఆమె తెలుగులో పైకి చదివింది. స్థలానికి అర కిలోమీటరు లోపల తాగునీటి బావి ఉందా? ఉంటే ఎంత దూరం? కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట: ఉన్నట్లయితే అనుమతి ఇవ్వబడదు.

"లెవ్వు అని రాయి," అన్నాడు ఎల్లేశం.

"మొన్న నేను పసుపు పెట్టిన బాయో?"

కొత్త కోడలు గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి, మొదటి బిందె ఆ బావిలోంచే తేవాలి. ఆ ఊరి ఆచారం. ఆనాడు బిందె ఎత్తి ఆమె నెత్తిన పెట్టింది గొర్రెలు కాసే బక్కమ్మ. "నీ కడుపు సల్లగుండ బిడ్డా, గీ బాయి లెక్క ఊరుతుండాలె," అని దీవించింది. నీళ్లు తొణికి జాకెట్టు తడిసి, అందరూ నవ్వుతుంటే, బిందె జారుతుందేమోనని యాదలక్ష్మి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. బావి నుంచి బీడు గట్టురాయి దాకా సరిగ్గా రెండు వందల పది అడుగులు.

"మన ఇంట్ల నల్లా తిప్పితే నీళ్లొస్తయి గదనే! గది ఎవరు తాగుతరు?"

"బక్కవ్వోళ్ల వాడంతా గా నీళ్లే తాగుతరు."

మంచం మీంచి బిక్షమ్మ అందుకుంది: "మొగోళ్ల కాయితాలల్ల నీకెందుకే నోరు? పోయి శాయ పెట్టు."

ఆమె లేచి చాయ్ పెట్టింది. తిరిగొచ్చి పద్నాలుగో ప్రశ్న ఎదుట ఇంగ్లీషులో, తన ముత్యాల అక్షరాల్లో రాసింది: ఉంది. రెండు వందల పది అడుగులు. మిగతావీ నింపి ఇస్తే, ఇంగ్లీషు రాని ఎల్లేశం దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకుని స్కూటరెక్కాడు.

సాయంత్రం పొట్లం నిండా జిలేబీలతో వచ్చాడు. కోప్పడలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "చిట్యాల టైపు షాపాయన చదివిండు. మస్తు నవ్విండు. నువ్వు రాసింది చింపి, నీ తెల్లకాయితాల మీద కొత్తది టైపు కొట్టిచ్చిన. నీ సంతకం ఎట్లాగూ ఉన్నది గదా!" అంటూ జిలేబీ ఆమె నోటికి అందించాడు. తియ్యగా ఉంది. అంత తియ్యగా ఉన్నందుకు తన నాలుక మీదే ఆమెకు కోపం వచ్చింది.

ఇంకా ఒక దారి మిగిలే ఉందనుకుంది. నెల తర్వాత తనిఖీకి అధికారి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, చాయ్ తెచ్చిన ఆమెనే అడిగాడు: "మీరేనా అమ్మా యాదలక్ష్మిగారు? ఇక్కడ తాగేనీళ్ల బావి ఏమీ లేదుగా?"

ఆమె చాయ్ కప్పు ఆయన ముందు పెట్టింది. "ఉన్నది సార్. రెండు వందల పది అడుగులు. నేనే నడిచిన."

ఎల్లేశం పకపకా నవ్వాడు. "కొత్త పెళ్లికూతురు సార్. దేనికైనా మురుస్తది, ఏదైనా లెక్కవెడ్తది." అధికారి కూడా నవ్వాడు. చాయ్ బాగుందన్నాడు. బావి వైపు నడవలేదు. కాగితం మీద ఏదో రాసుకుని, "మీ సంతకమే ఉందిగా అమ్మా, లేదని," అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఆ రాత్రి బిక్షమ్మ పక్కింటామెతో అంటున్నది వినిపించింది: "సదువుకున్న పిల్ల అని తెచ్చుకుంటిమి. ఇల్లు ముంచేటట్టున్నది."

అనుమతి వచ్చింది. లారీలు వచ్చాయి. గట్టురాయి పక్కన పచ్చరంగు రేకు బోర్డు లేచింది. మూడో లారీ పోయిన పొద్దున యాదలక్ష్మి బావి దగ్గరికి వెళ్లింది. ఎవరూ పంపలేదు. బక్కమ్మ బిందె ముంచి, నీళ్లు ముక్కుకు ఆనించి చూస్తోంది.

"బిడ్డా, ఏందో వాసనొస్తాంది. సదువుకున్నదానివి, గా బోర్డు మీద ఏం రాసిన్రో చెప్పు."

యాదలక్ష్మి బక్కమ్మ చేతిలోని బిందె తీసుకుని నీళ్లు నేల మీద పారబోసింది. తర్వాత బోర్డు వైపు తిరిగింది.

"నా పేరు, అవ్వా."