శుక్రవారం పరీక్ష

ఉతికిన బట్టలు ఆమె మడత పెడుతుంటే అత్తగారు గదిలోంచి కేకేసింది. "అమ్మాయ్, వాడు రేపు నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడేమో కనుక్కో."

ఆ "వాడు" హాల్లోనే ఉన్నాడు, మధ్యలో ఒక్క గోడ. ఆమె వెళ్లి అడిగింది. "కుదరదని చెప్పు," అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా. వెళ్లి చెప్పింది. "మరెప్పుడు కుదురుతుందో అడగవేం?" మళ్లీ వచ్చింది. పదకొండేళ్లుగా ఇదే తంతు. తల్లీకొడుకులకి గొడవేం లేదు, అలవాటైపోయిందంతే. వాళ్లని చూసి ఆమె కూతురూ నేర్చుకుంది. అందరి మాటా ఆమే మోయాలి. ఆమె మాట మోసే నాథుడు మాత్రం ఆ ఇంట్లో లేడు.

ఆఫీసులో ఆమె పనీ ఇలాంటిదే. అక్కడ తీగలుండవు, పెద్ద టవరుండదు. నలభై చిన్న వైర్‌లెస్ పెట్టెలు, ఒకదాని సందేశం ఇంకోటి అందుకుని పక్కదానికి అందిస్తుంది. ఏ దారిన పంపాలో చెప్పే నియమాలే రూటింగ్ ప్రోటోకాల్. ఇదివరకు కొత్తది రాయాలంటే ప్రతివాళ్లూ ఓనమాల నుంచి మొదలుపెట్టాల్సిందే. ఆమె మూడేళ్లు కూర్చుని ఒక ఫ్రేమ్‌వర్క్ కట్టింది. పక్క పెట్టెల్ని కనిపెట్టడం, అందని సందేశాన్ని మళ్లీ పంపడం, ఆ చాకిరీ అంతా అదే చూసుకుంటుంది. రాసేవాళ్లు దారి ఎంచుకునే పద్ధతి ఒక్కటీ రాస్తే చాలు. సోమవారం నుంచి వారం రోజులు దాన్ని వేరే ఊళ్లో కంపెనీ పెద్దల ముందు చూపించాలి.

"మీకు ఇల్లూ వాకిలీ ఉంది కదమ్మా. ఆయన్ని పంపిద్దాం, మీరు అన్నీ రాసిచ్చేయండి," అన్నాడు మేనేజరు ఆ మధ్యాహ్నమే. ఆ "ఆయన" పక్క సీటు ఇంజనీరు. ముగ్గురు పిల్లల తండ్రి. ఆయనది ఇల్లు కాదు కాబోలు! ఆమెకి ఒళ్లు మండింది, అయినా రేపు చెబుతానంది. ఇప్పుడు బట్టలు బీరువాలో పెడుతూ ఆ సంగతి భర్తకి చెప్పింది.

"ఆయన్నే వెళ్లనీ. నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఒక్కపూట నడవదు," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. ఇన్నాళ్లూ ఆ మాటకి ఆమె పొంగిపోయేది కూడా.

మర్నాడు శుక్రవారం. ప్రతి శుక్రవారం ఎవరికీ చెప్పకుండా ఒక పెట్టె ఆపేసి, సందేశాలు వేరే దారి వెతుక్కుంటాయో లేదో చూడటం ఆమె పద్ధతి. ఆ రోజు నడుస్తున్నది ఇంజనీరు రాసిన ప్రోటోకాల్. కిటికీ పక్కది ఆపగానే నలభై పెట్టెలూ మూగబోయాయి.

"అది చాలా మంచి పెట్టె మేడమ్. అన్నీ దాని మీదుగానే పోతాయి. దాన్నొక్కదాన్నీ ఆపకండి," అన్నాడాయన.

"ఒక్కటి ఆగితే అన్నీ ఆగాయంటే అది దాని గొప్ప కాదండీ. మీరు దారులు వేసిన తీరే తప్పు," అంది.

అనేసి, తన మాట తనకే తగిలి, ఆగింది. లేచి మేనేజరు గదికి వెళ్లి, "నేనే వెళ్తున్నాను," అని చెప్పొచ్చింది.

సాయంత్రం మంచం మీద సూట్‌కేసు తెరిచింది. "వారం రోజులా?" అన్నాడు భర్త హాల్లోంచి. "అమ్మ మందులు ఏవి ఎప్పుడో నాకేం తెలుసు? అమ్మనోసారి కనుక్కో."

పదకొండేళ్ల అలవాటు, కాళ్లు వాటంతటవే గుమ్మం దాకా వెళ్లాయి. అక్కడే ఆగి అంది. "అత్తయ్య పక్క గదిలోనే ఉన్నారు. మీరే అడగండి."

ఆమె వెనక్కి వచ్చి బట్టలు మడత పెట్టుకోసాగింది, ఈసారి తనవి. హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. భర్త మెల్లగా నడిచి వెళ్లి తల్లి తలుపు తట్టాడు.

"ఎవరది?" అంది అత్తగారు.